గేటు దగ్గర ఆపిన రోజే రాయాల్సిన కాగితం

రాజూ,

యూనియన్ పెట్టినందుకు తీసేస్తున్నామని ఏ యాజమాన్యమూ కాగితం మీద రాయదు. ఆలస్యంగా వచ్చాడనో, సూపర్‌వైజర్‌కు ఎదురు చెప్పాడనో ఛార్జిషీటు వస్తుంది. అసలు కారణం తేదీల్లో దొరుకుతుంది. ఏళ్ల తరబడి ఒక్క మెమో లేనివాడికి యూనియన్ దరఖాస్తు మీద సంతకం పెట్టిన నెలలోనే వరసగా మెమోలు వస్తే, అది కక్ష సాధింపేనని వాదించవచ్చు. అయితే ఆ సంతకం సంగతి యాజమాన్యానికి అప్పటికే తెలుసని చూపించాలి. కంపెనీకి ఇచ్చిన లేఖ నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోవడం అందుకే.

నోటిమాటతో ఆపేస్తే ఇంకా కష్టం. 1970లలో ఒక స్పిన్నింగ్ మిల్లు గేటు దగ్గర ఒక కార్మికుణ్ని వాచ్‌మన్ ‘రేపు రా’ అని తిప్పి పంపాడు. ఈ పెదనాన్న గదిలోనే ఉండేవాడతను. రోజూ క్యారియర్ కట్టుకుని వెళ్లేవాడు, మూత తీయకుండానే తిరిగొచ్చేవాడు. తీరా లేబర్ ఆఫీసులో మిల్లు చెప్పిందేమిటి? ‘మేం తీయలేదు, అతనే రావడం మానేశాడు.’ గేటు దాకా వెళ్లినట్టు అతని దగ్గర చిన్న చీటీ కూడా లేదు.

‘ఫలానా తేదీన, ఫలానా షిఫ్టుకు వచ్చాను, గేటు దగ్గర ఆపారు, పనికి సిద్ధంగా ఉన్నాను’ అని ఆపిన రోజే యాజమాన్యానికి రాసి పంపాలి. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి స్పీడ్ పోస్టులోనే పంపి రసీదు దాచాలి. మర్నాడు ఆపితే మళ్లీ రాయాలి. నకలు లేబర్ ఆఫీసుకు, ఇంకో నకలు ఇంటికి. ఇక్కడ బీరువాలో దానికో అర ఖాళీ చేసి ఉంచారు.

‘అతనే మానేశాడు’ లాంటి మాటే ఇంకోసారీ వినిపించింది: 2019 అక్టోబరులో సమ్మెకు దిగిన సుమారు 48 వేల మంది ఆర్టీసీ కార్మికులు ‘సెల్ఫ్ డిస్మిస్’ అయ్యారని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. 52 రోజులకు సమ్మె విరమించారు, నవంబరు 29న తిరిగి డ్యూటీలో చేరారు. ‘సెల్ఫ్ డిస్మిస్’ మాట నిలవలేదు. ఒంటరివాడి వెనక అంతమంది ఉండరు, రసీదులే ఉంటాయి.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కొంత అండ ఇస్తుంది. కార్మికులకూ యాజమాన్యానికీ మధ్య వివాదం మీద రాజీ అధికారి దగ్గర విచారణ నడుస్తుండగా ఆ వివాదానికి సంబంధించిన తప్పు మోపి తీసేయాలంటే విచారిస్తున్న అధికారి రాతపూర్వక అనుమతి ఉండాలి. రిజిస్టరైన యూనియన్ నాయకుల్లో ‘రక్షిత కార్మికులు’గా గుర్తింపు పొందినవారిని ఆ సమయంలో ఏ కారణంతో తీయాలన్నా అనుమతి తప్పదు. కార్మికుల్లో ఒక శాతం మందికే ఆ గుర్తింపు: కనీసం 5, గరిష్ఠం 100.

కనీసం 300 మంది కార్మికులున్న సంస్థలో విచారణ కోసం సస్పెండ్ చేస్తే మొదటి 90 రోజులు సగం జీతం, జాప్యం కార్మికుడి వల్ల కాకపోతే ఆపైన 75 శాతం భృతిగా ఇవ్వాలి. సగం జీతంతో పట్నంలో గది అద్దె, తిండి గడిస్తే చాలు. అమ్మ మందుల ఖర్చు ఇక్కడివాళ్లు చూసుకుంటారు, పూట మానుకుని డబ్బు పంపడం ఎవరికీ ఇష్టం లేదు.

తొలగిస్తే ముందు రాజీ అధికారికి దరఖాస్తు ఇవ్వాలి. 45 రోజుల్లో తేలకపోతే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. పాత చట్టంలో మూడేళ్లున్న గడువు, కొత్త కోడ్‌లో తొలగించిన నాటి నుంచి రెండేళ్లే. రాజీ అధికారికిచ్చిన దరఖాస్తుకూ రసీదు తీసుకోవాలి.

పెదనాన్న