పగలు చిన్నదైన చోట విశ్వాసి జీవితం

మన ఉప్పల్, నాచారం వీధుల్లో చలికాలమంటే ఒక స్వెటరు, ఫజ్ర్ ఉజూకు కాసిని వేడినీళ్ళు. డిసెంబరులో అతి చిన్న పగలు కూడా మనకు దాదాపు 11 గంటలుంటుంది. ఇక్కడి నుండి చదువుకో, ఉపాధికో ఉత్తర దేశాలకు వెళ్ళిన పిల్లల సంగతి వేరు. భూమి సుమారు 23.5 డిగ్రీలు ఒరిగి ఉన్నందున ఉత్తరానికి వెళ్ళేకొద్దీ శీతాకాలపు పగలు తరిగిపోతుంది. కెనడాలోని ఎడ్మంటన్‌లో డిసెంబరు మూడో వారాన సూర్యుడు ఉదయం 8.45 దాటాక ఉదయించి, సాయంత్రం 4.20 లోపే అస్తమిస్తాడు.

నమాజు వేళలు

సూర్యుడు ఉదయించి అస్తమించే చోట, పగలు ఎంత చిన్నదైనా, నమాజులు ఆ ఊరి వేళల ప్రకారమే చేయాలి. జుహ్ర్, అస్ర్, మగ్రిబ్ మూడూ నాలుగు గంటల్లోపే వచ్చేస్తాయి. కనుక పనిచేసే చోట ముందే మాట్లాడుకుని విరామం కోరాలి.

కెనడా ఉత్తరపు కొసన ఇనువిక్ అనే ఊరుంది. అక్కడ డిసెంబరు, జనవరి నెలల్లో దాదాపు నెలరోజులు సూర్యుడే కనిపించడు. అలాంటి చోట కూడా ముస్లిములు విన్నిపెగ్‌లో కట్టించిన మసీదును రోడ్డుపై, నదిపై దాదాపు 4,000 కిలోమీటర్లు తరలించి 2010లో ప్రారంభించుకున్నారు. సూర్యుడు కనిపించని రోజుల్లో నమాజు మాఫీ కాదు. దజ్జాల్ కాలంలో ఒక దినం ఏడాదంత ఉంటుందని దైవప్రవక్త (స) తెలిపినప్పుడు సహచరులు నమాజు గురించే అడిగారు. వేళలను అంచనా కట్టుకోమని ఆయన బోధించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. ఆ అంచనా ఏ ఊరి వేళలను బట్టి కట్టాలో స్థానిక ఉలమాను అడిగి తెలుసుకోవాలి.

ధర్మంలో సౌలభ్యం

ఉజూతో తొడిగిన తోలు మేజోళ్ళపై స్థానికుడు ఒక పగలూ రాత్రీ, ప్రయాణికుడు మూడు పగళ్ళూ రాత్రులూ మసహ్ చేయవచ్చు. నీళ్ళు హాని చేస్తాయన్న భయముండి, వేడి చేసుకునే వీలు కూడా లేకపోతే తయమ్ముమ్ ఉంది. దారిలోని హానికర వస్తువును తొలగించడం ఈమాన్‌లోని ఒక శాఖ. కనుక గుమ్మం ముందు కాలిబాటపై పేరుకున్న మంచును పారతో తీయడం కూడా, సంకల్పం మంచిదైతే, పుణ్యకార్యమే.

ఇంటివారి బాధ్యత

ఇక్కడ రాత్రి 9 గంటలకు, ఇషా ముగించి మనం ఫోన్ చేస్తే, ఎడ్మంటన్‌లో ఉదయం 8.30. డిసెంబరులో అప్పటికింకా సూర్యోదయమే కాదు. అబ్బాయి ముభావంగా మాట్లాడితే “నీ ఈమాన్ బలహీనపడింది” అని నిందించడం తగదు. వెలుతురు తగ్గిన నెలల్లో కొందరికి దిగులు, అతినిద్ర, నిరాసక్తత కలుగుతాయి. వైద్యులు దీన్ని వ్యాధిగానే గుర్తించారు. చికిత్స కూడా ఉంది. పగటిపూట కాసేపు బయట నడవడం, వైద్యుని సలహాపై ప్రకాశవంతమైన దీపకాంతిలో కూర్చోవడం, అవసరమైతే మందులు మేలు చేస్తాయి. వైద్యం చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

కాబట్టి తల్లిదండ్రులారా! “నమాజు చేశావా?” అని తప్పక అడగండి. దానితోపాటు “నిద్ర ఎలా పడుతోంది? ఈ రోజు ఎండలోకి వెళ్ళావా? జుమాకు ఎవరితో కలిసి వెళ్ళావు?” అని కూడా అడగండి. చీకటి గదిలో ఒంటరిగా ఉన్నవానికి జమాఅత్‌తో చేసే నమాజు ఆరాధనే కాదు, నలుగురి తోడు కూడా.

దూరాన ఉన్న మన పిల్లల హృదయాలను అల్లాహ్ తన వెలుగుతో నింపుగాక! ఆమీన్.