ఇంట్లో విమానం – తెరమీద మన దివిసీమ



నేల మీద కూర్చునే విమానం నడపడం నేర్పే యంత్రాన్ని సిమ్యులేటర్ అంటారు. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ అలాంటి యంత్రాన్ని తయారుచేశాడు. వాళ్ల కుటుంబానిది ఆర్గాన్ వాయిద్యాలు చేసే ఫ్యాక్టరీ. మన హార్మోనియంలో ఉండేలాంటి గాలితిత్తులే ఆ బొమ్మ విమానాన్ని ఊపేవి. ఇప్పుడు కంప్యూటరు ఉంటే చాలు. ఫ్లైట్‌గేర్ అనే ప్రోగ్రాం పూర్తిగా ఉచితం. దానికి మన నేలను, మన చేతి పరికరాలను ఎలా జోడించాలో ఈ పాఠంలో చెబుతున్నాం.

నేల

తెర మీద కనిపించే నేలను సీనరీ అంటారు. ఫ్లైట్‌గేర్‌లో మన ప్రాంతపు సీనరీ ఒక్కో డిగ్రీ గడులుగా ఉంటుంది. 81 డిగ్రీల తూర్పు రేఖాంశం, 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మన దివిసీమలోనే కలుస్తాయి. అందుకే మచిలీపట్నం ఒక గడిలో, గుడివాడ, అవనిగడ్డ మరో గడిలో, నాగాయలంక ఇంకో గడిలో పడతాయి. గడి లేనిచోట ఆ ప్రోగ్రాం సముద్రాన్ని చూపిస్తుంది. నాగాయలంక గడి లేకపోతే నాగాయలంక నీళ్లే!

నేల ఎత్తులకు ఒక ముఖ్య ఆధారం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక రాడార్‌తో తీసిన కొలతలు. వాటిలో కొన్ని మీటర్ల తేడా రావచ్చు. కొండల్లో అది లెక్కలోకి రాదు. మన తీరమే సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ అదే పెద్ద తేడా. మన ప్రాంతాన్ని గుర్తుపట్టించేవి కాలువలు, కరకట్టలు, చేపల చెరువులు, మడ అడవులు. వాటిని మనమే గీయాలి.

2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా తమ ఊరిని గీయవచ్చు. ఆ పటాన్ని సీనరీగా మార్చే ప్రోగ్రాములున్నాయి. బందరు లైట్‌హౌస్ లాంటి కట్టడాన్ని బ్లెండర్‌లో తయారుచేసి, రేఖాంశం, అక్షాంశం, ఎత్తు, దిక్కు ఈ వరుసలో ఇస్తే అది తన చోట నిలబడుతుంది.

ఇది ఆట మాత్రమే కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. 2010 హైతీ భూకంపంలో సహాయక బృందాలు ఇదే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను వాడాయి. మనం గీసిన తుఫాను షెల్టరు, దానికి పోయే దారి రేపు ఎవరికైనా పనికొస్తాయి.

చేతి పరికరాలు

కావలసినవి: పీవీసీ పైపు ముక్క, చెక్క, నాలుగు 10 కె వాల్యూం కంట్రోళ్లు, ఆర్డ్యునో లియోనార్డో బోర్డు. ముందుకు వెనక్కి ఒకటి, పక్కలకు ఒకటి, కాలి పెడళ్లకు ఒకటి, ఇంజను వేగానికి ఒకటి. ప్రతి కంట్రోలు రెండు చివరి కాళ్లను 5 వోల్టులకు, గ్రౌండుకు కలపాలి. నడిమి కాలును అనలాగ్ పిన్నుకు కలపాలి. బోర్డు 0 నుంచి 5 వోల్టులను 0 నుంచి 1023 అంకెలుగా చదువుతుంది. సగం తిప్పితే 2.5 వోల్టులు, సుమారు 512. పదో తరగతిలో చదివిన ఓమ్ నియమమే ఇది. జాయ్‌స్టిక్ లైబ్రరీతో ప్రోగ్రాం ఎక్కిస్తే కంప్యూటరు ఆ బోర్డును జాయ్‌స్టిక్‌గా గుర్తిస్తుంది.

కొనేటప్పుడు బి అక్షరం ఉన్నది అడగండి. ఎ రకం పాటల శబ్దానికి చేసింది, అంకెలు సమంగా పెరగవు. కరెంటు యూఎస్‌బీ నుంచే తీసుకోవాలి. ఇంటి ప్లగ్గు జోలికి పోవద్దు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక మనవి. పనిచేసే పాత కంప్యూటరు ఒక్కటి హాస్టలుకిస్తే ఈ పాఠం పుస్తకంలో ఆగిపోదు. తమ్ముళ్లారా, సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మీ ఊరి కాలువ, బడి, షెల్టరు ఎక్కడున్నాయో రాసుకుని రండి. మన ఊళ్లు మనం గీస్తేనే పటంలో ఉంటాయి.