మనుమడి బల్లి తొట్టిలో ఏం పరవాలి?

గత నెలలో మా ఓ.పి.కి షుగరు చూపించుకోవడానికి ఒక పెద్దావిడ వచ్చారు. వయస్సు అరవై ఎనిమిది. కూతురు అమెరికాలో డాలస్‌లో ఉంటుంది, రెండో కాన్పు. పురుడు పోయడానికి ఈవిడ వెళుతున్నారు. ఆరు నెలలకు సరిపడా మాత్రలు రాయించుకొని, చీటీ మడిచి సంచిలో పెట్టుకొని, లేవబోతూ మళ్ళీ కూర్చున్నారు.

"డాక్టరమ్మా, ఒక మాట అడుగుతాను, నవ్వకు. మా మనుమడు బల్లిని పెంచుతున్నాడు. గోడ మీద బల్లి కాదు, జానెడున్నర ఉంటుంది, మెడ కింద ముళ్ళు. దాని అద్దాల తొట్టిలో ఇసుక పొయ్యాలా, వద్దా అని వాడికీ వాళ్ళ నాన్నకీ పేచీ. అది సరే, రేపు పసిబిడ్డ వస్తుంది కదా, అదే ఇంట్లో అది ఉండవచ్చునా?"

నేను నవ్వలేదు. ఆమె అడిగినవి రెండు ప్రశ్నలు కావు, ఒక్కటే. తొట్టి అడుగున ఏం పరిచారు, దానిని ఎలా శుభ్రం చేస్తున్నారు అన్నదాని మీదనే ఆ ఇంట్లో పసిబిడ్డ క్షేమం కొంతవరకు ఆధారపడి ఉంటుంది. మన సంఘ కుటుంబాలలో పిల్లలు విదేశాలలో ఉన్నవారు చాలామందే కనుక, ఆమెకు చెప్పినదే ఈసారి పాఠంగా వ్రాస్తున్నాను.

ఆ జంతువు ఏది?

ఆమె వర్ణనను బట్టి అది బియర్డెడ్ డ్రాగన్. ఆస్ట్రేలియా లోపలి ఎండు ప్రాంతాలు దాని స్వస్థలం. నిజానికి అది బల్లి కంటే మన కంచె మీద తల ఊపే తొండకు దగ్గర చుట్టం. రెండూ ఒకే కుటుంబం. అమెరికాలో, ఇంగ్లండులో పిల్లలు ఎక్కువగా పెంచే మరొకటి లెపర్డ్ గెకో. అది నిజంగా బల్లి జాతిదే. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతంలోని రాతినేలల నుండి వచ్చింది. ఎడారి జంతువులు కదా అని ఈ రెండింటికీ ఇసుక పోస్తుంటారు. పొరపాటు మొదలయ్యేది ఇక్కడే. అవి పుట్టిన చోట ఉండేది సముద్రపు ఒడ్డులాంటి జారుడు ఇసుక కాదు. ఎండకు గట్టిపడిన బంకమన్ను, రాళ్ళు, అక్కడక్కడ ఇసుక.

ఇసుక సంగతి

దుకాణంలో అమ్మే మెత్తని ఇసుక చూడడానికి ముచ్చటగా ఉంటుంది. జంతువు పురుగును పట్టుకునేందుకు నాలుక చాచినపుడు దానితోపాటు ఇసుక కూడా నోట్లోకి పోతుంది. ఆరోగ్యంగా ఉండి, తగినంత వేడి, నీరు అందుతున్న పెద్ద జంతువు కొద్దిపాటి ఇసుకను మలంలో విసర్జించగలదు. పిల్లజంతువు పేగు సన్నం. పైగా తొట్టి చల్లగా ఉన్నా, నీరు తక్కువైనా, ఒంట్లో కాల్షియం లోపించినా పేగు కదలిక మందగిస్తుంది. అపుడు ఇసుక పేరుకొని ముద్ద కట్టి దారి మూసేస్తుంది. మేత మానేయడం, రోజుల తరబడి మలం రాకపోవడం, ముక్కడం, వెనుక కాళ్ళు ఈడ్వడం దీని గుర్తులు. వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. ఇంట్లో ఆముదం పోసి చూద్దాం అనుకోకూడదు.

కొందరు ఇసుకనే దోషిగా నిలబెడతారు. అది పూర్తిగా న్యాయం కాదు. వేడి చాలని తొట్టిలో కాగితం పరిచినా ఆ జంతువు జబ్బు పడుతుంది. బియర్డెడ్ డ్రాగన్ ఎండ కాచుకునే రాయి దాదాపు 40 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి, తొట్టి రెండవ కొస 25 దగ్గర ఉండాలి. పగటిపూట యు.వి.బి. దీపం కూడా కావాలి. కిటికీ అద్దంలోనుండి వచ్చే ఎండ ఈ పనికి చాలదు, ఎందుకంటే అద్దం ఆ కిరణాలను ఆపివేస్తుంది. ఆ కిరణాలు లేనిదే విటమిన్ డి తయారు కాదు, విటమిన్ డి లేనిదే కాల్షియం ఎముకలకు పట్టదు. మన పిల్లలకు వచ్చే రికెట్స్ లాంటిదే ఈ జంతువులకూ వస్తుంది. దవడ మెత్తబడుతుంది, కాళ్ళు వంకరపోతాయి. ఎముకలకు పట్టని కాల్షియం కోసం ఆకలిగొని ఇసుకను నాకేవి కూడా ఉంటాయి.

"కాల్షియం ఇసుక" అని రంగురంగుల పొట్లాలలో అమ్మేది ఇంకా మోసం. తిన్నా అరిగిపోతుందని దాని మీద వ్రాస్తారు. అది సుద్దపొడి వంటిది, తడి తగిలితే గడ్డ కడుతుంది. పైగా కాల్షియం రుచికి జంతువు దానిని కావాలని తింటుంది. కొనవద్దు.

మరి ఏం పరవాలి?

పిల్లజంతువుకు, జబ్బుతో ఉన్నదానికి, కొత్తగా ఇంటికి తెచ్చినదానికి పేపర్ టవలును మించినది లేదు. పాత న్యూస్‌పేపరు అయినా సరే. చూపుకు అందం లేదు, నిజమే. కానీ మలం పడగానే కనిపిస్తుంది, చుట్టి పారవేయవచ్చు. మలం గట్టిగా ఉందా, నీళ్ళగా ఉందా, రక్తం ఉందా అన్నది కూడా తెలుస్తుంది. వార్డులో తెల్ల దుప్పటి ఎందుకు వేస్తామో ఇక్కడా అందుకే.

పెరిగినదానికి నా ఓటు టైల్స్‌కు. నున్నని పాలిష్ టైలు వద్దు, కాలు జారి కీళ్ళు దెబ్బతింటాయి. మన కడప బండలాగా కొంచెం గరుకుగా ఉన్న నల్లరాతి పలక మంచిది. దీపం వేడిని పట్టి ఉంచుతుంది, గోళ్ళు అరుగుతాయి, తుడిస్తే శుభ్రం. ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి చాలు. తొట్టి కొలతకు కోయించుకొని సందులు లేకుండా అమర్చాలి. లేకపోతే మేతగా వేసిన పురుగులు సందులోకి దూరి చస్తాయి.

కార్పెట్‌లాగా అమ్మే ఆకుపచ్చ గుడ్డ కూడా ఒకటి ఉంది. చూడడానికి శుభ్రమే, కానీ దాని పోగుల్లోకి మలం ఇంకిపోతుంది, ఎంత ఉతికినా పూర్తిగా వదలదు. గోళ్ళు చిక్కుకొని వేళ్ళు తెగడమూ ఉంది. దేవదారు, పైన్ చెక్క పొట్టు వద్దే వద్దు. ఆ చెక్కకు ఉండే ఘాటైన వాసన నూనెలు ఊపిరితిత్తులకు చేటు. మొక్కజొన్న కంకిబెండు ముక్కలు తడికి బూజు పడతాయి, మింగితే పేగులో ఉబ్బుతాయి. అక్రోటు పెంకుల పొడి అంచులు కోసుకుంటాయి.

కొబ్బరి పొట్టు గురించి మన కోనసీమవారికి చెప్పనక్కరలేదు. పీచు తీయగా మిగిలే ఆ పొట్టునే ఇటుకల్లాగా నొక్కి విదేశాలలో అమ్ముతారు. నీళ్ళలో వేస్తే పొంగుతుంది, తడిని బాగా పట్టుకుంటుంది. న్యూ కాలెడోనియా దీవుల నుండి వచ్చిన క్రెస్టెడ్ గెకో వంటి తేమ కోరే జంతువులకు ఇది చక్కగా సరిపోతుంది. బియర్డెడ్ డ్రాగన్‌కు మాత్రం తొట్టి నిండా తడి పొట్టు పోస్తే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, ఎండిన పొట్టయితే దుమ్ము లేస్తుంది. లెపర్డ్ గెకోకు మధ్యేమార్గం ఒకటుంది: తొట్టి అంతా టైలు వేసి, ఒక మూల చిన్న డబ్బాలో తడి నాచు గాని, తడి పేపరు గాని ఉంచడం. కుబుసం విడిచేటపుడు అది అందులోకి వెళుతుంది. తేమ లేకపోతే పాత చర్మం కాలివేళ్ళకు ఉంగరంలా బిగుసుకొని, రక్తం ఆడక వేళ్ళు ఊడిపోతాయి.

మట్టిలో తవ్వుకోవడం జంతువుకు సహజం, ఆనందం కూడా. ఎరువు కలపని తోటమట్టి రెండు పాళ్ళు, కడిగిన ఇసుక ఒక పాలు కలిపి, తడిపి, గట్టిగా నొక్కి ఆరబెట్టి పరిచేవారున్నారు. పెద్ద జంతువు అయి, వేడి, దీపం, మేత అన్నీ సరిగ్గా ఉన్నచోట ఇది మంచి పద్ధతే. పసిబిడ్డ రాబోయే ఇంట్లో మాత్రం నేను వద్దంటాను. కారణం ఇప్పుడు చెబుతాను.

తొట్టిలోనుండి మన చేతికి

తొండలు, బల్లులు, తాబేళ్ళు, పాములు, వీటి పేగులలో సాల్మొనెల్లా అనే క్రిమి సహజంగానే ఉంటుంది. జంతువుకు దానివల్ల జబ్బు ఉండదు, కనుక చూసి పోల్చుకోలేము. మలంలో ఒకరోజు క్రిమి పడుతుంది, మరొకరోజు పడదు. అందువల్ల ఒకసారి పరీక్షలో లేదని వచ్చినా నమ్మడానికి లేదు. మలం పరుపు మీద పడుతుంది, జంతువు దానిలో నడుస్తుంది, ఆ కాళ్ళతో పిల్లవాడి చొక్కా మీదికి ఎక్కుతుంది. ఆ చొక్కాతోనే వాడు చెల్లెలిని ఎత్తుకుంటాడు. ఆ జంతువును ఎన్నడూ ముట్టుకోని పసిబిడ్డలకు కూడా ఈ జబ్బు సోకడం డాక్టర్లకు తెలిసిన విషయమే.

అమెరికాలో 1975లో నాలుగు అంగుళాలకంటే చిన్న తాబేళ్ళ అమ్మకాన్ని నిషేధించారు. పిల్లలు వాటిని నోట్లో పెట్టుకొని జబ్బు పడేవారు. 2014లో బియర్డెడ్ డ్రాగన్ల వల్ల పలు రాష్ట్రాలలో సాల్మొనెల్లా వ్యాపించినట్లు గుర్తించారు. ఆ రోగులలో సగానికి పైగా ఐదేళ్ళు, అంతకంటే తక్కువ వయస్సువారే.

ఇది టైఫాయిడ్ కాదు. టైఫాయిడ్ క్రిమి దీని బంధువే అయినా అది మనిషి నుండి మనిషికి మాత్రమే వస్తుంది. ఈ జబ్బులో క్రిమి ఒంట్లోకి పోయిన ఆరు గంటల నుండి ఆరు రోజులలోపు జ్వరం, విరేచనాలు, కడుపునొప్పి మొదలవుతాయి. నాలుగు నుండి ఏడు రోజులలో చాలామందికి దానంతట అదే తగ్గుతుంది. ఓ.ఆర్.ఎస్. తాగిస్తే చాలు, ప్రతివారికీ యాంటీబయాటిక్ అవసరం లేదు. అయితే పసిబిడ్డలలో క్రిమి రక్తంలోకి, అక్కడినుండి మెదడు పొరలకు చేరే ప్రమాదం ఉంది. అరవై ఐదు దాటినవారు, గర్భిణులు, షుగరు ఉన్నవారు, స్టెరాయిడ్లు గాని క్యాన్సరు మందులు గాని వాడేవారు కూడా జాగ్రత్తపడాలి. మరొక సంగతి చాలామందికి తెలియదు. కడుపులో ఆమ్లం ఇటువంటి క్రిములను చంపే మొదటి కాపలాదారు. రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకునేవారిలో ఆ కాపలా సన్నగిల్లుతుంది. మా పెద్దావిడకు షుగరూ ఉంది, గ్యాస్ మాత్రా ఉంది. ఆ మాత్ర ఎవరో ఎన్నడో నెలరోజులకు వ్రాసినదట, ఈవిడ మూడేళ్ళుగా మానలేదు. అవసరం లేదని తేలి ఆపించాను.

జ్వరం 102 దాటినా, విరేచనంలో రక్తం కనబడినా, మూడు రోజులైనా తగ్గకపోయినా, నోరెండి మూత్రం తగ్గినా ఆస్పత్రికి వెళ్ళాలి. మూడు నెలలలోపు బిడ్డకు జ్వరం వస్తే అంతవరకు ఆగకుండా వెంటనే తీసుకువెళ్ళాలి. వెళ్ళినపుడు "మా ఇంట్లో ఇటువంటి జంతువు ఉంది" అని డాక్టరుకు తప్పక చెప్పండి. మీరు చెప్పనిదే వారికి ఆ ఊహ రాదు.

శుభ్రం చేసే విధానం

కాగితమైతే మలం పడినపుడల్లా మార్చాలి. టైలయితే రోజూ తుడవాలి. తుడిచిన గుడ్డ, నీటి గిన్నె, తొట్టి సామాను, ఇవేవీ వంటింటి సింకులో కడగకూడదు, పాలసీసా కడిగే చోట అసలే కూడదు. పెరట్లో కడగడం ఉత్తమం. స్నానాల గదిలో కడగక తప్పకపోతే తరువాత ఆ చోటును క్రిమిరహితం చేయాలి. ముందు సబ్బునీటితో మురికి వదలగొట్టాలి, మురికి మీద బ్లీచి పోస్తే అది పనిచేయదు. తరువాత ఒక పాలు బ్లీచికి ముప్పై పాళ్ళ నీరు కలిపి పోసి, పది నిమిషాలు ఉంచి, బాగా కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. బ్లీచిలో బాత్‌రూం యాసిడ్ గాని అమ్మోనియా ద్రావణం గాని కలపకూడదు, విషవాయువు పుడుతుంది. ఈ పని పెద్దవారే చేయాలి, గర్భిణి చేయకూడదు. పని కాగానే చేతులు సబ్బుతో ఇరవై సెకన్లు రుద్ది కడగాలి. జంతువుకు స్నానం చేయిస్తే క్రిమి పోతుందనుకోవడం భ్రమ.

మట్టి పరుపు వద్దన్నది ఇందుకే. అందులో పడిన మలం కనబడదు, కడగడానికి వీలుండదు, తవ్వినపుడల్లా తొట్టి బయటికి చిమ్ముతుంది.

మన ఇళ్ళలో

ఇది చదివి, మన గోడబల్లి సంగతేమిటని అడిగేవారుంటారు. బల్లి పడిన అన్నం విషమని మనం అంటాము. గోడబల్లికి విషం లేదు. దాని పేగులోనూ ఈ క్రిమి ఉండవచ్చు కనుక ఆ అన్నం పారవేయడం మాత్రం సరైన పనే. ఇక ఉడుము, నక్షత్ర తాబేలు వంటివాటిని ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బజారులో ఎవరైనా ముచ్చటగా ఉందని అమ్మజూపితే అటవీశాఖకు తెలియజేయండి. విదేశీ జాతులను పెంచదలచినవారు కూడా కొనకముందే ఆ శాఖవారిని అడిగి, నమోదు అవసరమేమో తెలుసుకోవాలి.

పెద్దావిడ ఇవన్నీ చీటీ వెనుక వ్రాయించుకొన్నారు. "అయితే దాన్ని తీసేయమంటావా? వాడు అన్నం మానేస్తాడు" అన్నారు. ఐదేళ్ళలోపు బిడ్డ ఉన్న ఇంట్లో ఇటువంటి జంతువు లేకపోవడమే మేలని చెప్పాను. ఆ మాట దాచలేదు. వాడి స్నేహితుని ఇంట్లో చిన్నపిల్లలు లేకపోతే కొన్నేళ్ళు అక్కడ ఉంచవచ్చు. అది కుదరకపోతే తొట్టి వంటింటికీ, బిడ్డ పడుకునే గదికీ దూరంగా, తలుపు వేసి ఉండే గదిలో పెట్టాలి. ఇసుక తీసేసి టైలు వేయాలి. పిల్లవాడు దానిని ఎత్తుకునేందుకు వేరే చొక్కా ఒకటి తగిలించి ఉంచాలి. చేతులు కడిగి, చొక్కా మార్చాకే చెల్లి దగ్గరికి వెళ్ళాలి. బిడ్డకు పాలు కలిపేవారు ఆ తొట్టి జోలికి పోకూడదు.

"పాలు కలిపేది నేనే" అన్నారావిడ. "అయితే మీరు అద్దంలోంచి చూడండమ్మా, ముట్టుకోవద్దు" అన్నాను.

పోయిన వారం వాళ్ళ అల్లుడుగారు ఫోను చేసి టైలు ఎంత మందం ఉండాలని అడిగారు. పావు అంగుళం చాలునని చెప్పాను.