మోటారు సైకిలుకు దారి సహాయ సభ్యత్వం: లాభమా, భారమా?
(సభ్యుల శిక్షణ పాఠం)

పాల వ్యాపారానికి, మోటారు సైకిలుకు ఈనాడు విడదీయరాని సంబంధం ఏర్పడింది. సభ్యుడు సంఘానికి పాలు తెచ్చేది దానిమీదనే. దూరపు పల్లె నుండి శీతల కేంద్రానికి క్యాన్లు చేరేది దానిమీదనే. దాణా బస్తా ఇంటికి వచ్చేదీ దానిమీదనే. మేము సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు సభ్యులు తరచు ఒక ప్రశ్న అడుగుతున్నారు: "బండి కొన్నచోట, బీమా కట్టినచోట 'రోడ్‌సైడ్ అసిస్టెన్స్' అంటూ అదనంగా సొమ్ము కట్టమంటున్నారు. కట్టవచ్చునా?" దీనికి అందరికీ ఒకే జవాబు లేదు. ఎవరి లెక్క వారు వేసుకోవాలి. ఆ లెక్క వేసే విధానమే ఈ పాఠం.

1. ఈ సభ్యత్వం అంటే ఏమి?

దారిలో బండి ఆగిపోతే ఫోను చేసిన మీదట మనిషిని పంపి, అక్కడే చిన్న మరమ్మతు చేయించడం, పంచరు వేయించడం, బ్యాటరీ దిగిపోతే బండి లేపడం, పెట్రోలు తెచ్చి ఇవ్వడం, ఏదీ కుదరకపోతే దగ్గరి వర్క్‌షాపుకు బండిని చేర్చడం. ఇవీ ముఖ్యమైన సేవలు. దీనిని బండి తయారు చేసిన కంపెనీ వద్ద గాని, బీమా పాలసీకి అనుబంధంగా గాని ఏడాదికోసారి సొమ్ము చెల్లించి తీసుకోవచ్చు. సాధారణంగా మనిషి కూలి మాత్రమే ఇందులో కలుస్తుంది. విడిభాగాల ధర, పెట్రోలు ధర మనమే ఇచ్చుకోవాలి.

2. సంతకానికి ముందు చదవవలసిన షరతులు

ఏడాదికి ఎన్నిసార్లు పిలవవచ్చును? ఎన్ని కిలోమీటర్ల వరకు బండిని ఉచితంగా చేరుస్తారు? మన మండలానికి మనిషి వస్తాడా, లేక పట్టణాల వరకేనా? ఈ మూడింటికీ జవాబు కాగితం మీద ఉండాలి. అమ్మేవారి నోటిమాట చాలదు.

నాలుగవది మన సభ్యులకు మరింత ముఖ్యం. ద్విచక్ర వాహనాల బీమా పాలసీలో "వాడకానికి పరిమితులు" అనే భాగం ఉంటుంది. కిరాయికి తిప్పడం, సొంత సామాను కాక ఇతర సరుకు రవాణా చేయడం సాధారణంగా అందులో మినహాయించి ఉంటాయి. కూలికి నలుగురి పాలు చేరవేసే వారు ఈ విషయం బీమా కంపెనీని ముందే లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. ప్రమాదం జరిగాక అడిగితే ప్రయోజనం లేదు.

3. బండి ఆగినా పాలు ఆగవు

40 లీటర్ల క్యాన్లు రెండు కట్టినచో పాల బరువే సుమారు 82 కిలోలు. లీటరు 40 రూపాయలు అనుకుంటే సరుకు విలువ 3,200 రూపాయలు. వేసవిలో చల్లబరచని పాలలో సూక్ష్మజీవులు గంటకు గంటకు పెరుగుతాయి. సహాయకుడు వచ్చి బండిని తీసుకుపోతాడు సరే, క్యాన్లను ఎవరు తీసుకుపోతారు? సభ్యత్వం బండిని కాపాడుతుందే గాని పాలను కాపాడదు. అది మన ఏర్పాటే కావాలి. క్యాన్లను వెంటనే నీడకు చేర్చి తడి గోనెసంచి కప్పాలి. సంఘానికి కబురు చేసి మరో బండి రప్పించాలి. విరగకుండా ఉండాలని పాలలో సోడా గాని మరేదైనా గాని కలపరాదు.

4. లెక్క వేసి చూద్దాము

సభ్యత్వం ఏడాదికి 400 రూపాయలు అనుకుందాం. ఊరికి, సంఘానికి మధ్య 5 కిలోమీటర్లు తిరిగే సభ్యునికి మూడేళ్లకోసారి బండిని ఆటో ట్రాలీలో తేవలసి వచ్చి 600 రూపాయలు ఖర్చయిందనుకోండి. అనగా ఏడాదికి 200. కట్టేది 400. అతనికి ఇది భారమే.

నెలకు నాలుగుసార్లు 60 కిలోమీటర్ల దూరం, పొద్దుపోయాక కూడా ప్రయాణించే వానికి అదే మూడేళ్లలో ఒకసారి 2,000 రూపాయల ఖర్చు తగిలితే ఏడాదికి సుమారు 667. అతనికి ఇది లాభమే. పైగా రాత్రివేళ తెలియని చోట చిక్కుపడే బాధ తప్పుతుంది.

బండి వయసు కూడా చూడాలి. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్.-6 నిబంధనల తరువాత వచ్చిన బండ్లలో పెక్కింటికి కార్బురేటరు లేదు, ఇంధన ఇంజెక్షన్ పద్ధతి ఉంది. దారిపక్క మెకానిక్కు అన్నింటినీ బాగుచేయలేడు. అటువంటి బండితో దూరం పోయేవారికి సభ్యత్వం అవసరం మరికొంత పెరుగుతుంది. కొత్త బండికి కంపెనీ ఈ సేవను ముందే ఇచ్చి ఉండవచ్చు. ఒకే సేవకు రెండుచోట్ల కట్టకండి.

5. దీనికంటే ముందు ఉండవలసినవి

థర్డ్ పార్టీ బీమా 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పనిసరి. యజమానే బండి నడుపుతూ ప్రమాదానికి గురైతే వర్తించే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా, చెల్లుబాటులో ఉన్న లైసెన్సు, మంచి హెల్మెట్, అరిగిపోని టైర్లు ఉండాలి. ఇవి లేకుండా దారి సహాయానికి సొమ్ము కట్టడం గోడలు లేని ఇంటికి తలుపు పెట్టినట్లే. గాయపడినవారికి 108, జాతీయ రహదారిపై ఆపదకు 1033 నంబర్లు ఉన్నవి. వీటికి సభ్యత్వం అక్కరలేదు.

6. సంఘం చేయగలిగినది

ఒక అదనపు ట్యూబు, పంచరు సామాను, స్పార్క్ ప్లగ్గు, క్లచ్ వైరు, గాలి పంపు కొని సంఘం కార్యాలయంలో ఉంచవచ్చు. దారి పొడవునా ఉన్న మెకానిక్కుల, ట్రాలీ ఆటోల ఫోను నంబర్లు నోటీసు బోర్డుపై వ్రాయించవచ్చు. పాలు ఆలస్యమైన రోజున ఎవరి బండి వెళ్లాలో, దాని పెట్రోలు ఖర్చు ఎవరు భరించాలో పాలకవర్గ సమావేశంలో ముందే తీర్మానించుకోవాలి. దగ్గర తిరిగే సభ్యులకు ఇదే చవకైన సభ్యత్వం. నలుగురూ కలిసి భారం పంచుకోవడమే గదా సహకారం!

చర్చకు ప్రశ్నలు

1. గత ఏడాది మన సంఘం దారిలో ఎన్నిసార్లు బండ్లు ఆగి పాలు ఆలస్యమైనవి? నష్టం ఎంత?
2. మన సభ్యులలో నెలకు నాలుగుసార్లకు మించి దూరప్రయాణం చేసేవారు ఎందరు?
3. పాలు చేరవేసే వారి బీమా పాలసీలో వాడకం షరతు ఏమని ఉంది? తదుపరి సమావేశానికి పాలసీ కాగితం తెచ్చి చదివించండి.