క్యాష్‌బ్యాక్ కార్డు: వచ్చేదెంత, పోయేదెంత?



గత రంజాన్‌లో వచ్చిన విరాళాల లెక్కలు సరిచూస్తుండగా మా కోశాధికారికి ఒక తేడా కనిపించింది. రసీదుల మొత్తం కన్నా బ్యాంకులో జమ అయిన మొత్తం తక్కువ. ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని తరావీహ్ తరువాత రెండు రాత్రులు కూర్చుని వెతికాం. పొరపాటేమీ లేదు. ఆన్‌లైన్‌లో క్రెడిట్ కార్డుతో పంపిన ప్రతి విరాళంలోనూ కొంత కోత పడింది. పదివేలు పంపిన చోట గేట్‌వే కంపెనీ రెండు శాతం రుసుము, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్‌టీ, కలిపి 236 రూపాయలు పట్టుకుని 9,764 జమ చేసింది. అదే పదివేలకు దాతకు ఒక శాతం చొప్పున వంద రూపాయల క్యాష్‌బ్యాక్ వచ్చి ఉండవచ్చు. ఇందులో దాత తప్పు లేదు, ఈ సంగతి ఆయనకు తెలియదు. నిజం చెప్పాలంటే మాకూ అప్పటిదాకా తెలియదు. అందుకే ఈ సంచికలో ఈ కార్డుల గురించి నాలుగు మాటలు రాయాలనుకున్నాం.

ముందు ఆ క్యాష్‌బ్యాక్ ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. మనం దుకాణంలో కార్డు గీకినప్పుడు, అమ్మిన సొమ్ములో దాదాపు రెండు శాతం వరకు దుకాణదారు వదులుకుంటాడు. అందులో ఎక్కువ భాగం కార్డు ఇచ్చిన బ్యాంకుకు చేరుతుంది. మన దాతల్లో బట్టల షాపులు, చెప్పుల షాపులు నడిపేవారు చాలామంది ఉన్నారు, వారికి ఇది కొత్త విషయం కాదు. బ్యాంకుకు రెండో రాబడి గడువులోగా పూర్తిగా కట్టలేనివారు ఇచ్చే వడ్డీ. ఈ రెండింటిలోంచి కొంత తీసి, సమయానికి కట్టేవారికి పాయింట్లుగా ఇస్తుంది.

లాభాలు లేవని మేము అనం. కొన్న రోజును బట్టి సుమారు 20 నుంచి 50 రోజుల వరకు వడ్డీ లేని గడువు దొరుకుతుంది. అర్ధరాత్రి ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టమన్నప్పుడు కార్డు ఆదుకున్న కుటుంబాలు మాకు తెలుసు. ఎవరైనా మోసంతో కార్డు వాడితే, మన ఖాతాలోని సొమ్ము పోకముందే బ్యాంకుతో వాదించుకునే వీలుంటుంది. నెలకు ఇరవై వేలు ఖర్చుపెట్టి ప్రతి నెలా పూర్తిగా కట్టేవారికి ఒక శాతం లెక్కన ఏడాదికి 2,400 రూపాయలు వస్తాయి. అయితే పెట్రోలు, ఇంటి అద్దె, వ్యాలెట్‌లో వేసుకునే డబ్బు వంటి వాటికి చాలా కార్డులు పాయింట్లు ఇవ్వవు. వార్షిక రుసుము ఉంటే అదీ తీసేయాలి.

ఇప్పుడు రెండో వైపు. జూన్ 5న ఇరవై వేలకు పండుగ సామాను కొన్నారనుకోండి. బిల్లు 20న వచ్చింది, కట్టాల్సిన గడువు జూలై 10. చేతిలో పదిహేను వేలే ఉన్నాయి, అవి కట్టారు. మిగిలిన ఐదు వేలకే వడ్డీ పడుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. పూర్తిగా కట్టనందువల్ల గడువు సౌకర్యమే పోతుంది, కొన్న రోజు నుంచి వడ్డీ లెక్కిస్తారు, బ్యాంకు పద్ధతిని బట్టి అది మొత్తం ఇరవై వేల మీదా పడవచ్చు. అలా పడితే నెలకు మూడున్నర శాతం చొప్పున ఆ 35 రోజులకు సుమారు 805 రూపాయలు. తరువాతి బిల్లు వరకు ఐదు వేల మీద పది రోజులకు మరో 57. పైన జీఎస్‌టీ. మొత్తం వెయ్యి దాటింది. ఆ నెల వచ్చిన క్యాష్‌బ్యాక్ రెండు వందలు. పైగా బాకీ తీరేదాకా కొత్తగా కొన్నవాటికి కూడా గడువు ఉండదు. ఏటీఎంలో కార్డుతో నగదు తీస్తే మొదటి రోజు నుంచే వడ్డీ.

ఏడాదికి 30 శాతం మించి వడ్డీ వసూలు చేయడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు ఇచ్చింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. అంటే ఆ పరిమితి ఇప్పుడు లేదు.

మా దగ్గరికి ఖర్జె హసనా కోసం వచ్చిన ఒక కుర్రాడి సంగతి చెప్పాలి. సెల్ రిపేరు షాపు, కొత్తగా పెళ్ళి, రెండు కార్డులు. ప్రతి నెలా బిల్లు మీద 'కనీస మొత్తం' అని ఉన్న ఐదు శాతమే కడుతూ వచ్చాడు. "కడుతూనే ఉన్నాను కదా భాయ్, ఎందుకు తగ్గట్లేదు?" అని అమాయకంగా అడిగాడు. కట్టినదాంట్లో చాలా భాగం వడ్డీకే పోతోందని కాగితం మీద వేసి చూపిస్తే, అతని కన్నా ముందు పక్కనున్న వాళ్ళ అమ్మీ ఏడ్చింది. అత్ తౌబా సూరా 60వ ఆయతులో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో కూరుకున్నవారూ ఉన్నారు. ఒకప్పుడు ఆ మాట వింటే మాకు పంట పోయిన రైతు గుర్తొచ్చేవాడు. ఇప్పుడు జేబులో కార్డున్న కుర్రాడూ గుర్తొస్తున్నాడు.

ధర్మం విషయంలో ఉలమాల మాట ఒకటి కాదు. జెద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 2000 సంవత్సరంలో చేసిన తీర్మానం ప్రకారం, వడ్డీ షరతు ఉన్న కార్డును గడువులోగా కట్టే ఉద్దేశంతో వాడటం కూడా సమ్మతం కాదు. అవసరం ఉండి, వడ్డీ పడకుండా కట్టగలనన్న గట్టి నమ్మకం ఉంటే అనుమతించేవారూ ఉన్నారు. క్యాష్‌బ్యాక్ గురించి కొందరి వివరణ ఆసక్తికరంగా ఉంది. అప్పు ఇచ్చినవాడు అదనంగా తీసుకుంటే అది వడ్డీ. ఇక్కడ అప్పు ఇచ్చిన బ్యాంకే ఎదురిస్తోంది కాబట్టి దాన్ని తగ్గింపుగానో కానుకగానో చూడవచ్చంటారు. అదే తర్కంతో చూస్తే డెబిట్ కార్డు పాయింట్ల మీదే ఎక్కువ అనుమానం రావాలి, ఎందుకంటే అక్కడ మన సొమ్ము బ్యాంకు దగ్గర ఉంది, అప్పు ఇచ్చింది మనమే! మేము ఫత్వా ఇచ్చేవాళ్ళం కాము. మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి, అడిగేటప్పుడు కార్డు షరతుల కాగితం వెంట తీసుకెళ్ళండి.

ఇక విరాళాల సంగతి. జకాత్ సొమ్ములో పడిన కోతను ఈసారి సాధారణ విరాళాల నిధి నుంచి పూడ్చాం. బీదవాని వాటాలోంచి గేట్‌వే రుసుము పోవడానికి కార్యవర్గంలో ఎవరి మనసూ ఒప్పలేదు. వచ్చే రంజాన్ నుంచి బ్యాంకు ఖాతాకు జోడించిన యూపీఐతో పంపవలసిందిగా కోరుతున్నాం. 2020 జనవరి నుంచి యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపుల మీద ఎండీఆర్ రుసుము లేదు. క్యూఆర్ స్కాన్ చేసేటప్పుడు ఫోన్‌లో రూపే క్రెడిట్ కార్డు ఎంపికై ఉందేమో ఒకసారి చూసుకోండి, అలా పంపితే అది క్రెడిట్ కార్డు చెల్లింపే. నగదుగా ఇచ్చే విరాళం రెండు వేలు దాటితే 80జి మినహాయింపు రాదని కూడా గుర్తుంచుకోండి.

కార్డు మూసేయాలనుకునేవారికి ఒక సంగతి. బాకీ తీరాక దరఖాస్తు ఇస్తే ఏడు పనిదినాల్లో మూసేయాలని రిజర్వ్ బ్యాంకు నియమం, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు ఖాతాదారుకు ఇవ్వాలి. ఆ కుర్రాడి దరఖాస్తు మా ఆఫీసులోనే రాశాం. రెండు కార్డుల్లో ఒకటి మూతపడింది. రెండోదాని అసలు బాకీకి మేమిచ్చిన ఖర్జె హసనాలో ఇప్పటికి మూడు వాయిదాలు తిరిగి కట్టాడు.