సీడీ పాడుతుంది, డీవీడీ మొరాయిస్తుంది

ప్రశ్న: విండోస్ తీసేసి ఉబుంటు వేయించాను. అప్పటి నుంచి డీవీడీ డ్రైవ్‌లో సినిమా డిస్కులు ఆడటం లేదు. పాటల సీడీలు మాత్రం బాగానే వస్తున్నాయి. డ్రైవ్ మార్చాలా?

జవాబు: అప్పుడే కొనకండి. సీడీ పాడుతోందంటే కేబుళ్లు, కరెంటు సరఫరా బాగున్నట్టే. లినక్స్ కూడా డ్రైవ్‌ను గుర్తించింది. కానీ దీంతోనే డ్రైవ్‌కు క్లీన్ చిట్ ఇవ్వలేం. సీడీని చదివేది 780 నానోమీటర్ల లేజర్, డీవీడీని చదివేది 650 నానోమీటర్లది. ఒకటి పోయినా రెండోది పనిచేస్తూనే ఉంటుంది.

అందుకే ముందు ఫొటోలో, ఫైళ్లో రాసుకున్న మామూలు డీవీడీ ఒకటి పెట్టి చూడండి. అది తెరుచుకుంటే లేజర్ బాగుంది. అడ్డు పడుతున్నది సినిమా డిస్కులకు కంపెనీలు వేసే సీఎస్ఎస్ అనే తాళం. దాన్ని తీసే లైబ్రరీ ఉబుంటుతోపాటు రాదు. ‘లిబ్‌డీవీడీ-పీకేజీ’ అనే ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి, టెర్మినల్‌లో దాన్ని ‘డీపీకేజీ-రీకాన్ఫిగర్’ చేయాలి. ఈ రెండో మెట్టు చాలామంది వదిలేస్తారు, అసలు లైబ్రరీ తయారయ్యేది అక్కడే. తర్వాత వీఎల్‌సీలో ఆడించండి. విదేశాల్లో కొన్న డిస్కయితే రీజియన్ (ఏ ప్రాంతంలో ఆడాలో చెప్పే నంబరు) కూడా చూసుకోండి, మనది 5. డ్రైవ్‌లో రీజియన్‌ను అయిదుసార్లకు మించి మార్చనివ్వరు.

ఫైళ్ల డీవీడీ కూడా తెరుచుకోకపోతే లెన్స్ మీద దుమ్మయినా ఉండాలి, లేజరైనా అరిగి ఉండాలి. లెన్స్ తుడిచినా ఫలితం లేకపోతే రిపేరు ఖర్చు దండగ. యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ కొనుక్కోండి.