ఈఈజీ ఉండగా ఎంఈజీ ఎందుకు?

ప్రశ్న: మా బాబుకి మూర్ఛ మందులకు లొంగడం లేదు. ఆపరేషన్‌కి ముందు ఎంఈజీ కూడా తీయించమన్నారు. ఈఈజీ సరిపోదా?

జవాబు: రెండూ పట్టేది నాడీకణాల విద్యుత్తునేనమ్మా. 1924లో హాన్స్ బెర్గర్ మనుషులపై మొదలుపెట్టిన ఈఈజీ, తలకు అంటించిన ఎలక్ట్రోడ్లతో వోల్టేజీని కొలుస్తుంది. పుర్రె ఎముక ఆ సంకేతాన్ని బాగా చెదరగొడుతుంది. మూర్ఛ ఎక్కడ పుడుతోందో కచ్చితంగా తేల్చడం అందుకే కష్టం. ఎంఈజీ కొలిచేది ఆ విద్యుత్తు పుట్టించే అయస్కాంత క్షేత్రాన్ని; దానికి ఎముక దాదాపు అడ్డే కాదు. సర్జన్‌కి కావలసింది సరిగ్గా మూర్ఛ పుట్టే ఆ చోటే కాబట్టి ఎంఈజీ విలువైనది. కాకపోతే ఆ క్షేత్రం భూమి అయస్కాంతం కంటే కోట్ల రెట్లు బలహీనం. ప్రత్యేక గది, చాలా యంత్రాల్లో మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియం కావాలి. ఖర్చూ ఎక్కువే.

మెదడు మడతల గోడల్లో పుట్టే సంకేతం ఎంఈజీకి బాగా దొరుకుతుంది, మడతల పైభాగానిది ఈఈజీకి. రెండూ కలిపి చూడటమే మేలు. నొప్పి, రేడియేషన్ ఉండవు. లోహం ఎంఈజీ కొలతను చెడగొడుతుంది కాబట్టి పళ్లకు క్లిప్పులుంటే ముందే చెప్పండి.